నాలుగు పాయల పగ్గం

పచ్చితోలు పగ్గం తడవకూడదు. మా దీవిలో, పశువులు కాసే మా వైమేయా ఊళ్ళో, గుర్రం ఎక్కడం రాని పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. తడిస్తే తోలు సాగుతుంది. సాగిన పగ్గంతో కోడెను గుంజకు బిగించలేం.

ఆ పగ్గం చెయ్యడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. ఒకే ఎద్దు తోలు తీసుకుని, బొచ్చు గీకి, అంచు నుంచి లోపలికి గుండ్రంగా కోసుకుంటూ పోయి, నాలుగు పాయలు తీసి అల్లాను. వారానికోసారి కొవ్వు పట్టించాను. నాన్న మాట ఇచ్చాడని చేశాను.

"నీ చేత్తో పగ్గం అల్లి చూపించు. జూలై నాలుగు పండగ పోటీలో నాతో నువ్వే దిగుదువు గాని" అన్నాడు.

మా ఇంటి ఆడవాళ్ళెవరూ ఆ పోటీలో దిగలేదు. ఊరేగింపులో పొడవాటి పావడాలు కట్టుకుని, దండలు వేసుకుని గుర్రాల మీద కూర్చునేవారు, అంతే.

పోటీకి ఇద్దరు కావాలి. ఒకరు గుర్రం మీద నుంచి కోడె కొమ్ములకు పగ్గం విసిరి లాక్కొస్తారు. రెండోవారు పంగల గుంజ దగ్గర నిలబడి, పగ్గాన్ని ఆ పంగలో వేసి, కోడె తల గుంజకు ఆనేదాకా బిగించి కట్టేస్తారు. కొండ మీద అడవి పశువులను మా తాతలు చెట్లకు అలాగే కట్టేవారు. ఇరవై ఏళ్ళుగా గుంజ దగ్గర నిలబడేది మా నాన్నే. ఆయన పేరు పాలని.

పండగ పొద్దున రెండు టోపీలకు ఆకులూ పూలూ కలిపి దండలు చుట్టాను. నాన్న ఒకటి పెట్టుకున్నాడు. రెండోది, నాది, తీసి మా తమ్ముడు అనలూ నెత్తిన పెట్టాడు.

"ఈసారికి వాడు దిగుతాడులే" అన్నాడు నా వైపు చూడకుండా. "ర్యాంచికి కొత్త మేనేజరు వచ్చాడు. మగపిల్లాణ్ణి పెట్టుకుని ఆడపిల్లను దింపాడేమిటనుకుంటాడు."

"మాట ఇచ్చావు నాన్నా."

"వచ్చే ఏడు చూద్దాం. పగ్గం వాడికివ్వు."

ఇచ్చాను. అనలూ దాన్ని ట్రక్కు వెనకాల పడేసి తిండి కొట్టు వైపు వెళ్ళాడు.

కాసేపటికి నేనూ అక్కడికి వెళ్ళాను. కొట్టులో హౌలానీ ఆంటీ నన్ను చూసి, "ఏమే నోహేయా, బోడినెత్తితో తిరుగుతున్నావు? మీ తమ్ముడు మూడో ముసుబి అన్నంముద్ద మింగుతున్నాడు. పాపం, కోడె సంగతేమో గానీ ముందు గుర్రం చచ్చేట్టుంది" అంది.

నాకు నవ్వొచ్చింది. అప్పుడే కొండ మీద నుంచి సన్నవాన దిగింది. జనంలోంచి పరుగెత్తి ట్రక్కు దగ్గరికి చేరేసరికి వాన జోరందుకుంది. చుట్ట చుట్టి ఉన్న పగ్గం నీళ్ళలో నాని, పేగులా మెత్తగా ఉంది. దాన్ని నాన్న దగ్గరికి పట్టుకెళ్ళాను.

"తడిసిపోయింది నాన్నా. నైలాన్ తాడు తీసుకో."

"అక్కకి ఏడుపు" అన్నాడు అనలూ. "తనని దింపలేదని వంకలు పెడుతోంది."

కంచె మీద కూర్చున్న పనియోలోలు, మా పశువుల కాపర్లు, నవ్వారు. నాన్న పగ్గాన్ని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూశాడు. నలభై పగ్గాలు అల్లిన వేళ్ళవి.

మైకులో లోపాకా అంకుల్ అరుస్తున్నాడు: "పాలనీ, ఎక్కడున్నావయ్యా? నీకోసం చూసి చూసి కోడె ముసలిదైపోతోంది!"

నాన్న మేనేజరు కూర్చున్న వైపు ఒకసారి చూశాడు. తోలు పగ్గం వదిలి నైలాన్ తాడుతో దిగితే, పాలనికి పాత పని చేతకాలేదని అందరూ అంటారని నాకూ తెలుసు.

"ఏం కాదు" అని పగ్గం తమ్ముడి చేతికిచ్చాడు.

అనలూ విసరడం బాగానే విసిరాడు. కోడెను గుంజ దాకా తెచ్చాడు. నాన్న పగ్గాన్ని పంగలో వేసి లాగాడు. అది సాగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ సాగింది. కోడె తల గుంజకు జానెడు దూరంలో ఉండగా ఒక్కసారి వెనక్కి గుంజుకుంది. నాన్న కుడిచెయ్యి పగ్గానికీ పంగకూ మధ్య ఇరుక్కుపోయింది. ఆ కేక కంచె దగ్గరున్న నాకు వినిపించింది.

చేతికి తువ్వాలు చుట్టుకుని నాన్న నేల మీద కూర్చున్నాడు. మేనేజరు వచ్చి ఏమైందని అడిగాడు.

"అల్లిక వదులండీ" అన్నాడు నాన్న. "మా అమ్మాయి అల్లింది. మావాడి తప్పేం లేదు."

మేనేజరు నా భుజం తట్టి, "పర్లేదమ్మా, నేర్చుకుంటావు" అన్నాడు. తర్వాత అనలూ వైపు తిరిగి సోమవారం పనిలోకి రమ్మన్నాడు.

నాన్న బొటనవేలు పోయింది.

పగ్గాన్ని నీడలో ఆరబెట్టి కొవ్వు పట్టించాను. ఒక్క పాయ తెగలేదు. ఒక్క ముడి జారలేదు. రెండు వారాల తర్వాత నాన్న వసారాలో కూర్చుని నన్ను పిలిచాడు.

"ఈ చేత్తో ఇక అల్లలేను. పనిలోకి పోయే తమ్ముడికి మంచి పగ్గం ఉండాలి. నువ్వే అల్లాలి."

లోపలికెళ్ళి పగ్గం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

"అల్లిక ఎక్కడ వదులుందో చూపించు నాన్నా. ఈసారి అక్కడ సరిచేస్తాను."

ఆయన ఎడమచేత్తో ఒక కొస పట్టుకుని తడుముతూ వెళ్ళాడు. రెండో కొస వచ్చింది. వేళ్ళకు వదులు ఎక్కడా తగల్లేదు. మళ్ళీ మొదటి కొస వెతికి పట్టుకున్నాడు. నేను కాసేపు నిలబడి చూసి, గుర్రాలకు మేత వెయ్యడానికి వెళ్ళాను.