ముందుగోడ ఫోటో

రంజిత అంటే నాకు కుళ్ళు. ఈ సంగతి మా ఆవిడ శైలజకు తెలుసు, మా ఆదివారం ఫోటోల గుంపులో అందరికీ తెలుసు, ఆఖరికి బెంగళూరు హూడిలో మేమంతా చేరే దర్శిని హోటల్లో కాఫీ కలిపే అతనికి కూడా తెలుసు. తెలియనిది రంజిత ఒక్కదానికే. నన్ను చూడగానే "అన్నా" అంటూ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు ఇంకాస్త మండుతుంది.

కుళ్ళు ఎందుకు ఉండకూడదో మీరే చెప్పండి. హూడి స్టేషను దారిలో నాకు స్టూడియో ఉంది. మూతి మీద మీసం రాకముందే కెమెరా పట్టినవాణ్ణి. పెళ్ళిళ్ళు, చెవులు కుట్టడాలు, సన్మానాలు, పాస్‌పోర్టు ఫోటోలు, అన్నీ తీశాను. ఆ అమ్మాయి హిందూపురం నుంచి వచ్చి కుందలహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటోంది. లాక్‌డౌన్‌లో పొద్దుపోక కెమెరా కొనుక్కుంది. లైటు పెట్టదు, మనిషిని సరిగ్గా నిలబెట్టదు, కాస్త నవ్వండి అని కూడా అనదు. ఊరికే ఒక మూల నిలబడి ఉంటుంది. తీరా చూస్తే ఆ రోజు మా అందరిలోకీ మంచి ఫోటో దాని దగ్గరే ఉంటుంది. ఇంత అన్యాయం చూస్తూ కాఫీ ఎలా దిగుతుంది గొంతులో.

ఇక అసలు విషయానికి వస్తాను. మా గుంపుకు పెద్ద నరసింహప్ప గారు. హైస్కూలు మాష్టారుగా చేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం ఆయన దర్శినికి ఒక పెద్ద కవరు పట్టుకొచ్చి, అందులోంచి మైసూరు పేట తీసి బల్ల మీద పెట్టారు. బెంగళూరులో సన్మానమంటే శాలువా, పళ్ళబుట్ట, తలకు మైసూరు పేట. ముందే చుట్టి, కుట్టి, జరీ అంచు పెట్టి అమ్మే పట్టు తలపాగా అది. మనిషి తల మీద పెట్టడం, చప్పట్లు కొట్టడం, ఫోటో తీయడం, అంతే.

"నేను రిటైరైన దినం పెట్నారప్పా దీన్ని. అప్పట్నుంచి బీరువా మింద కూచోనుండాది," అన్నారాయన. "ఇంట్లో ఆమె దుమ్ము దులపలేక తిడతా ఉండాది. దీంతో మనమే ఏమన్నా చేద్దాం. ఒకే పేట, అందరికీ తలా ఒక వారం. ఎవురి తల మింద పెడతారో మీ ఇష్టం. మనిషికొక ఫోటో."

అందరికీ నచ్చింది. మా కాలనీ లేఔట్ సంఘం వాళ్ళ హాల్లో ప్రదర్శన పెట్టాలనుకున్నారు. పేర్లు లేకుండా ప్రింట్లు పరిచి, అందరూ కలిసి ఒకటి ఎంచాలి. దాన్ని పెద్దగా వేయించి హాలు ముందుగోడకు కట్టాలి. ప్రదర్శన రోజు అదే పేటను ఆ ఫోటో తీసినవాళ్ళ తల మీద, అందరి ముందూ పెట్టాలి.

ఆ చివరి మాట వినగానే నా కాఫీ చల్లారిపోయింది.

ఎందుకో చెప్తాను. పేట పెట్టేటప్పుడు ఫోటో సరిగ్గా పడకపోతే "సార్, మళ్ళీ పెట్టండి" అని అరుస్తాను నేను. ఎంత పెద్దమనిషైనా తీసి మళ్ళీ పెడతాడు. అలా ఎన్ని తలల మీద, ఎన్నిసార్లు పెట్టించానో లెక్కే లేదు. స్థలాలు అమ్ముకునేవాడి తల మీద చూశాను, ఓడిపోయిన కార్పొరేటరు తల మీద చూశాను. నా తల మీద మాత్రం ఎవరూ పెట్టలేదు. కెమెరా వెనకాల ఒక తల ఉంటుందని ఎవరికి గుర్తుంటుంది. నాకు ఆ పేట కావాలి. ముందుగోడ కావాలి. మరీ ముఖ్యంగా, ఆ రెండూ రంజితకు దక్కకూడదు.

అందుకే అక్కడికక్కడే ఒక నిబంధన పెట్టించాను.

"ఫోటోలో ఉండే మనిషి సరే అంటేనే గోడకెక్కల్ల. వద్దంటే ఆ ఫోటో తీసేయల్ల. అడక్కుండా తీసేవాళ్ళు శానామంది ఉండారు," అన్నాను రంజిత వైపు చూడకుండా.

"కరెక్టే అన్నా. నేనూ అదే చెప్దామనుకుంటున్నా," అంది రంజిత.

మాట తగిలిందనుకున్నాను. అది తల ఊపుతోంది. నాకు ఇంకా కడుపు మండింది.

నా వారం వచ్చింది. బాగా ఆలోచించి సొన్నప్పను పట్టుకున్నాను. మా వీధి చివర పూలదండలు కట్టే మనిషి. చుట్టుపక్కల జరిగే సన్మానాలన్నిటికీ దండలు ఆయనవే. ఆయన తల మీద పేట పెట్టి, చేతిలో సగం కట్టిన దండ ఉంచి, రెండు వైపులా లైట్లు పెట్టి తీశాను. జరీ పోగు పోగునా కనిపించింది. మల్లెపూల మీద నీటిచుక్క కూడా కనిపించింది. మధ్యలో సొన్నప్ప మెడ పట్టేసిందని గొణిగాడు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని నిలబెట్టాను. ఈ ఫోటోను కొట్టే మొగాడు లేడనుకున్నాను. ఆడది కూడా లేదనుకున్నాను.

ఆ వారం అయిపోయాక పేట రంజితకు అప్పజెప్పాలి. మధ్యాహ్నం వచ్చి తీసుకుంటానంది. స్టూడియోలో గిరాకీ లేదు. పేట కౌంటరు మీద ఉంది. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్ళు తల దువ్వుకోవడానికి గోడకు అద్దం, దారానికి కట్టిన దువ్వెన ఉంటాయి. పేట తీసుకుని ఆ అద్దం ముందు నిలబడ్డాను. ఒకసారి పెట్టుకుంటే అరిగిపోతుందా. పెట్టుకున్నాను. కొంచెం ఎడమకు జరిపాను. ఎదురుగా జనం కూర్చున్నట్టు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

తలుపు చప్పుడైంది. గబుక్కున పేట తీసి వెనక్కి తిరిగాను. రంజిత.

"దుమ్ము పడిందేమో అని చూస్తా ఉండా," అన్నాను.

"థాంక్స్ అన్నా," అని పేటను కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. నవ్వలేదు, ఏమీ అడగలేదు. చూడలేదులే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

అందరి వారాలూ అయ్యాక, ఒక ఆదివారం పొద్దున సంఘం హాల్లో చేరాం. నరసింహప్ప గారు ప్రింట్లన్నీ పొడుగు బల్ల మీద పరిచారు. మా గుంపులోని సుబ్బరాయుడు పేటను తన కుక్కకు పెట్టాడు. కుక్క ముఖం చూస్తే, తనకు సన్మానం చాలా ఆలస్యంగా జరిగిందన్నట్టు ఉంది. ఎవరో వాళ్ళవ్వకు పెట్టారు. ఎవరో ఇంకా అద్దెకు పోని ఇంటి గేటుకు తగిలించారు. సొన్నప్ప దగ్గర ఇద్దరు ముగ్గురు ఆగి "బాగుండాదప్పా" అన్నారు. నేను నా ఫోటోను కాకుండా రంజితది ఏదా అని వెతుకుతున్నాను. బల్ల చివరికి వచ్చాను.

అక్కడ నేనున్నాను.

గాజు తలుపు అవతలి నుంచి తీసిన ఫోటో. గాజు మీద రోడ్డు, ఒక ఆటో పలచగా కనిపిస్తున్నాయి. వాటి వెనక అద్దంలో నా ముఖం, తల మీద పేట, జోడించిన చేతులు. కళ్ళు కొంచెం కిందికి దించాను. పెదవుల మీద నవ్వు రాబోతోంది, ఇంకా రాలేదు. బడిలో మంచి మార్కులకు పేరు పిలిస్తే లేచి నిలబడే పిల్లవాడిలా ఉన్నాను. దువ్వెన దారం పక్కన వేలాడుతోంది.

నరసింహప్ప గారు నా భుజం మీదుగా వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎవురిదో గానీ, ఇంగ ఎంచేదేముండాది. ముందుగోడకు ఇదే," అన్నారు.

అందరూ బల్ల చుట్టూ మూగారు. ఒకసారి ఫోటోను, ఒకసారి నన్ను చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టి బయటపడేవాణ్ణి. సుబ్బరాయుడైతే నా వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నాదే అన్నా," అంది రంజిత నెమ్మదిగా. "డోర్ దగ్గరికి వచ్చేసరికి మీరు అట్లా ఉన్నారు. ఆగలేక తీసేశా. ముందే అడగాల్సింది. ఫోన్లో చూపిస్తే పాడైపోతుందనిపించింది, ప్రింట్‌లోనే మీరు చూడాలని ఆగినా. మీరు సరే అంటేనే పెడదాం. వద్దంటే డిలీట్ చేసేస్తా. రూల్ మీదే కదా."

సిగ్గు వేసింది, నిజమే. కానీ సిగ్గు కంటే ఎక్కువ మండిన మంట ఇంకొకటి ఉంది. ఇన్నేళ్ళూ పేట కింద ఉన్న ఇన్ని ముఖాలు తీశాను. ఇలాంటి ముఖం నాకు ఒక్కసారి కూడా దొరకలేదు. మళ్ళీ పెట్టండి, ఇటు చూడండి అని అరిచి అరిచి ఎప్పుడూ దొరకనిది, నా స్టూడియోలో, నా అద్దంలో, నా సొంత మొహం మీదే ఉండి, దీనికి దొరికింది. ఇది ముందుగోడ ఎక్కితే కనిపించేది నేను. కింద పేరు దానిది. పేట దాని తలకు.

"వద్దు," అన్నాను. "తీసేయ్. నా కండ్ల ముందరే తీసేయ్."

"ఓబులేషూ, రవంత నిదానించప్పా," అన్నారు నరసింహప్ప గారు. "ఇట్లాంటిది మళ్ళీ మళ్ళీ రాదు."

"రూలు రూలే సార్."

రంజిత బ్యాగులోంచి లాప్‌టాప్ తీసింది. ఫోటో తీసేసింది. కెమెరా కార్డులోనూ తీసేసింది. తీసేసినవి ఉండే చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి, చూసుకోమన్నట్టు నా వైపు తిప్పింది. ప్రింటు నేనే తీసుకుని నాలుగు ముక్కలుగా చించి, హాలు బయట డస్ట్‌బిన్‌లో వేసి వచ్చాను. నేను వచ్చేసరికి సొన్నప్ప ఫోటో ముందుగోడకు ఖాయమైంది. రంజితకు గోడ మీద ఫోటోనే లేకుండా పోయింది. అయ్యో అనిపించిందా అంటే లేదు. హాయిగా ఉంది. దారిలో స్వీట్లు కూడా కొన్నాను.

ఇంట్లో శైలజ స్వీటు నోట్లో పెట్టుకుని అంతా విన్నది.

"ఎట్లుండాది ఆ ఫోటో?" అని అడిగింది.

"బాగనే ఉండాది."

"మన పెండ్లప్పుడు తీసినవి తప్ప నీ ఫోటో ఇంట్లో ఒగటి లేదు. ఇంటికన్నా తెచ్చుండొచ్చు కదా."

"చించేసినా."

ఆమె స్వీట్ల డబ్బాకు మూత పెట్టి లోపలికి వెళ్ళింది.

ప్రదర్శన రోజు కొత్త చొక్కా వేసుకున్నాను. శైలజ పట్టుచీర కట్టుకుంది. దొడ్డబళ్ళాపురం నుంచి మా బావమరిది వాళ్ళు కూడా వచ్చారు. ముందుగోడ మీద సొన్నప్ప మనిషంత ఎత్తున ఉన్నాడు. వచ్చినవాళ్ళు చూసి, బాగుందనేసి, పక్క గోడ మీద కుక్క ఫోటో దగ్గరికి వెళ్ళి అక్కడే నిలబడిపోతున్నారు. సొన్నప్ప తన ఫోటో చూసుకుని "మెడ నొప్పి శానా బాగా పడిందప్పా" అని వెళ్ళిపోయాడు.

నరసింహప్ప గారు మైకులో నా పేరు పిలిచారు. వేదిక ఎక్కాను. మా గుంపువాళ్ళందరూ తమ తమ ఫోటోల దగ్గర చుట్టాలతో ఉన్నారు. గోడ మీద ఫోటో లేనిది రంజిత ఒక్కతే. అందుకని అదే కెమెరా పట్టుకుని వేదిక ముందుకు వచ్చింది. శాలువా కప్పారు. పేట తల మీద పెట్టారు. చప్పట్లు కొట్టారు. ఎన్నాళ్ళుగానో కావాలనుకున్నది తల మీదికి వచ్చింది. రంజిత క్లిక్ చేసింది.

"చూపియ్యి," అన్నాను వేదిక మీది నుంచే.

కెమెరా వెనక తెర నా వైపు తిప్పింది. ఛాతీ విరుచుకుని, పెదవులు బిగించి, కెమెరా వంక గుడ్లు మిటకరించి చూస్తున్న మనిషి ఒకడు కనిపించాడు. ఇలాంటివాళ్ళు నా హార్డ్‌డిస్కుల నిండా ఉన్నారు.

"సార్, మళ్ళీ పెట్టండి," అన్నాను.

నరసింహప్ప గారు తీసి మళ్ళీ పెట్టారు. ఈసారి కళ్ళు కొంచెం దించాను. చూస్తే నిద్రపోతున్నట్టు ఉంది. ఇంకోసారి పెట్టించాను. దండం పెట్టాను. ఓట్లు అడుగుతున్నట్టు ఉంది. జనంలో నవ్వులు మొదలయ్యాయి.

"ఇంగ చాలప్పా, పేట అరిగిపోతాది," అన్నారు నరసింహప్ప గారు మైకు పక్కకు పట్టుకుని.

వేదిక దిగి రంజిత దగ్గరికి వెళ్ళాను.

"అన్నీ షార్ప్‌గానే వచ్చాయన్నా. సాయంత్రం పంపిస్తా," అంది.

"ఇవి కాదమ్మా," అన్నాను. "ఆ పొద్దు తీసింది... యాడన్నా ఉండాదా? ఫోన్లో గానీ, క్లౌడ్‌లో గానీ, చిన్నదైనా సరే."

రంజిత నా ముఖంలోకి చూసింది.

"లేదన్నా. మీరు వద్దన్నారు కదా. క్లౌడ్‌లో కూడా ఉండిందని ఇంటికి పోయినాక గుర్తొచ్చింది. అప్పుడే డిలీట్ చేసేశా."

అబద్ధమేమో అని కళ్ళలోకి చూశాను. అబద్ధం కాదు. నేనైతే ఒక కాపీ ఎక్కడో ఒకచోట దాచుకుని ఉండేవాణ్ణి. అలాంటి ఫోటోను పూర్తిగా పోగొట్టుకునేవాడు మా పనిలో ఎవడూ ఉండడు. ఇది ఒక్కతే, ఎవరూ చూడనప్పుడు, అడిగేవాడు కూడా లేనప్పుడు, ఇచ్చిన మాట కోసం పోగొట్టుకుంది. శాలువా భుజాన వేసుకుని, పేట తల మీద పెట్టుకుని, నేను దాన్ని చూసి ఇంకోసారి కుళ్ళుకున్నాను.