తడవని సైకిలు

తుప్పుకి తడిపలక వాసన ఉంటుంది.

చిన్నప్పుడు బళ్ళో పలక మీద ఉమ్మేసి, మోచేత్తో తుడిచి, ఆరకముందే ముక్కుకి ఆనించుకుంటే వచ్చేది — ఆ వాసన. నాకు బాగా తెలుసు.

కానీ ఇప్పుడు రావట్లేదు.

షెడ్డులో నిలబడ్డాను. ఎదురుగా సైకిలు. ఫ్రేము మీద గోటితో గీకాను. ఎర్రటి పొడి గోట్లో ఇరుక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఏమీ లేదు.

వాడు పోయిన దగ్గర్నుంచీ ఇంతే. కూరలో ఉప్పు తెలియదు. సబ్బు వాసన తెలియదు. ఏడుపు సంగతి సరేసరి — అదెక్కడో దారిలో పంక్చరై ఆగిపోయింది. తోసుకుంటూ అయినా వస్తుందేమోనని కొన్నాళ్ళు చూశాను. తర్వాత చూడ్డం మానేశాను.

వాడంటే నా తమ్ముడు.

మా ఇద్దర్లో ముందు పుట్టింది నేను. ముందు పెరిగింది వాడు. నేను వాడి చంకదాకా వచ్చి ఆగిపోయాను. వాడు ఆగలేదు. వీధిలో అందరూ వాణ్ణి నిచ్చెన అనేవాళ్ళు. వాడు నన్ను బుడ్డన్నయ్య అనేవాడు. పదిమందిలో మరీ గట్టిగా అనేవాడు.

సైకిలు వాడిది. కొండలెక్కడానికి చేసిన సైకిలు. ఉక్కు ఫ్రేము, లేతాకు రంగు. ఆ రంగు ఎండకి వెలిసి, వానకి పొక్కి, ఇప్పుడు ముదురాకు కూడా కాదు, ఎండుటాకు.

వాన అన్నాను కదా. నిజానికి ఈ సైకిలు ఎన్నడూ తడవలేదు.

ఈ మాట ఇంట్లో అందరికీ నేనే చెప్పాను. కొండ మీద మబ్బు పట్టేది. వాడు దిగడం మొదలుపెట్టేవాడు. వెనకాల వాన. వాడు వంపు తిరిగితే వానా వంపు తిరిగేది. వాడు బ్రేకు వేస్తే వాన ఆగలేక వాడి మీంచి దూకి అవతల పొలంలో పడేది. ఇంటికొచ్చి చూస్తే సైకిలు పొడి, చొక్కా పొడి, వెనకచక్రానికి మాత్రం ఒక్క చినుకు వేలాడుతూ ఉండేది. అది కూడా ఆయాసపడుతూ.

వాడి కూతురు ఈ కథ విని విని పెరిగింది. నమ్మడం ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. అడగడం మాత్రం మానలేదు.

ఆ పిల్లే సైకిల్ని తోసుకుంటూ తెచ్చింది. మోచేతికి కట్టు.

"ఏమైందే?"

"ఎక్కాను పెదనాన్నా."

"దిగలేదా?"

"పడ్డాను. దిగినట్టే కదా."

పిల్ల పొట్టిది. నా పోలిక. వాడి సీటు మీద కూర్చుంటే పెడల్‌కీ కాలికీ మధ్య జానెడు గాలి.

"నాన్న తిరిగిన కొండదారిలో నేను తిరగాలి," అంది. "పాతవన్నీ తీసెయ్. కొత్తవి వెయ్. రంగు మాత్రం ముట్టుకోకు. ముందు ఆ సీటు దించు."

"ఇంతేనా?"

"ఇంతే."

పనికి ఏడుపుతో సంబంధం లేదు. బతుకంతా లేత్ మిషను మీద గడిపిన చేతులు. పానా అందిస్తే చాలు, మిగతాది అవే చూసుకుంటాయి. నేను పక్కన నిలబడి ఎవరి చేతులో చూసినట్టు చూశాను.

చైను తీశాను. చైను కాదది, తుప్పు పట్టిన వానపాము.

బ్రేకు తీగలు, గేరు తీగలు తీశాను. తొడుగుల్లోంచి పొడి రాలింది.

ముందున్న మూడు పళ్ళచక్రాలు తీసి ఒక్కటి వేశాను. వెనక పెద్దపెద్ద పళ్ళచక్రాలు. ఈ కాలం సైకిళ్ళకి అంతే — ముందు ఒకటి, బరువంతా వెనకాల. పెడళ్ళ ఇరుసు నున్నగా తిరుగుతోంది, దాని జోలికి పోలేదు. ఇరుకు హ్యాండిల్ తీసి వెడల్పుది. సన్న టైర్లు తీసి లావువి. అరిగిన రబ్బరు బ్రేకులు తీసి పొడుగుచేతులవి. నొక్కితే చక్రం మాట విని ఆగింది.

ఫ్రేముని అటూ ఇటూ తిప్పుతుంటే లోపల ఏదో కదిలింది. బేరింగు గుళ్ళు ఊడిపడ్డాయేమో అనుకున్నాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

అన్నీ తర్వాతే. వాడి చొక్కాలు తర్వాత. వాడి ఫోనులో గొంతు తర్వాత.

అన్నీ కొత్తవయ్యాయి. సీటు మిగిలింది.

సీటు రాడ్డు రాలేదు.

బోల్టు వదులు చేశాను. రాలేదు. సుత్తితో మెల్లగా తట్టాను. రాలేదు. ఫ్రేము ఉక్కు, రాడ్డు అల్యూమినియం. గ్రీజు లేకుండా ఏళ్ళ తరబడి ఒకదాంట్లో ఒకటి ఉండిపోతే రెండూ కరుచుకుంటాయి. ఎక్కడ ఉక్కు ఆగిందో, ఎక్కడ రాడ్డు మొదలైందో వాటికే తెలియదు.

వాడు గ్రీజు రాయలేదు. రాయడానికి రాడ్డు తీస్తే కదా. కొన్నరోజునే ఎవరికీ అందనంత ఎత్తున సీటు బిగించేశాడు — వీధిలో ఎవరూ అరువడగకుండా. నేను అడిగానొకసారి. "తీస్కో బుడ్డన్నయ్యా, నిచ్చెన వేసుకుని ఎక్కు," అన్నాడు. వాడి కాలికి సరిపోయింది. మళ్ళీ కదపలేదు.

అదీ సంగతి. ఆ సీటు ఉన్నచోటే వాడి ఎత్తు ఉంది. ఇంకెక్కడా లేదు. చొక్కాలు మడతల్లో ఉన్నాయి. మనిషి ఫొటోలో జానెడున్నాడు. నిలబడి ఉన్నది ఇదొక్కటే.

రాడ్డు వస్తే వాడి ఎత్తు పోతుంది.

రాకపోతే పిల్ల ఎక్కలేదు.

నేను నూనె పోశాను.

పొద్దున లేవడం, రాడ్డు చుట్టూ చుక్క నూనె పోయడం, టీ తాగడం. పైనుంచి పోస్తే లోపలికి పోదు. ఫ్రేముని తిరగేసి కిందనుంచి పోయాలి. నాకు తెలుసు. పైనుంచే పోశాను. కొండ మీద మబ్బు పట్టేది. విడిపోయేది. మళ్ళీ పోశాను.

"ఎన్నాళ్ళు పోస్తారు?" అంది మా ఆవిడ. "మొలకెత్తుతుందా ఏంటి?"

"నానాలి."

"ఎవరు నానాలి?"

ఇంకో చుక్క పోశాను. ఆవిడ నా టీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది.

పిల్ల వచ్చింది. కొత్త హ్యాండిల్ పట్టుకుంది. బ్రేకు నొక్కింది. సీటు వైపు చూసింది. సీటు ఇంకా దాని ఛాతీ దగ్గరే.

"రావట్లేదా, తియ్యట్లేదా?"

వాళ్ళ నాన్నకీ ఇదే రోగం. మాటని అటూ ఇటూ తిప్పడు, నేరుగా గుచ్చుతాడు.

"నీకు ఇష్టం లేకపోతే చెప్పు పెదనాన్నా. ఇలాగే గోడకి ఆనించేద్దాం. రోజూ చూసుకో. నేను ఎక్కను."

గోడకి ఆనిన సైకిల్ని ఊహించుకున్నాను. కొత్త టైర్లలో గాలి దిగిపోతుంది. కొత్త చైను పాత చైనవుతుంది. సీటు మాత్రం అంతెత్తున, ఎవరూ లేకుండా.

"చక్రాలు విప్పు," అన్నాను.

రాడ్డు రానప్పుడు చెయ్యాల్సింది ఒకటే. సీటు ఊడదీసి, రాడ్డు తలని బల్ల మీది వైసు ఇనప దవడల మధ్య బిగించాలి. ఫ్రేము తల్లకిందులవుతుంది. అప్పుడు రాడ్డుని కాదు, ఫ్రేమునే తిప్పాలి. సైకిలే పానా అవుతుంది. వైసు పళ్ళలో నలిగిన రాడ్డు మళ్ళీ సీటు మొయ్యదు. కాబట్టి రెండో ఆలోచన ఉండదు.

బిగించాను. పళ్ళు దిగాయి.

పిల్ల ఒక పక్క పట్టుకుంది, నేనొక పక్క. ఇద్దరు పొట్టివాళ్ళం. గానుగ తిప్పుతున్నట్టు.

"ఒక్కసారి గట్టిగా పెదనాన్నా."

"గట్టిగానే. ఇంతకంటే గట్టి నా దగ్గర లేదు."

కదల్లేదు. కదల్లేదు. నా మణికట్టు నొప్పి పుట్టి ఉండాలి. తెలియలేదు.

అప్పుడు ఉక్కు మూలిగింది.

పెద్ద శబ్దం కాదు. నిద్రలో పక్కకి ఒత్తిగిలిన మనిషి చేసేంత. తర్వాత వెంట్రుకవాసి తిరిగింది. తర్వాత ఇంకాస్త. ఎడమకి, కుడికి, ఎడమకి. తెల్లటి పొడి రాలుతూ, ఫ్రేము పైకి లేస్తూ —

వచ్చేసింది.

ఫ్రేము మా చేతుల్లో ఉంది. దాన్లోంచి నీళ్ళు పడ్డాయి.

గ్లాసెడు నీళ్ళు. ఎర్రగా, చిక్కగా, చల్లగా. నా చెయ్యి మీంచి, బల్ల మీంచి, షెడ్డు నేల మీదికి. ఇన్నాళ్ళూ లోపల కదిలింది గుళ్ళు కాదు.

నీళ్ళు.

సీటు పక్కనుంచి చినుకు చినుకుగా దిగి, ఇరుసు మీద నిలిచిపోయిన వాన. ఏ ఏడాదిదో. ఏ మలుపుదో. వాడి వీపు మీద పడి, ప్యాంటు మీంచి జారి, రాడ్డు వెంట లోపలికి పోయినది.

పిల్ల నీళ్ళ వైపు చూసింది. నా వైపు చూసింది.

"నాన్న తడవలేదన్నావు."

నా గొంతులో కథ ఉందో లేదో వెతుక్కున్నాను. ఉంది. ఎక్కడో అడుగున, గ్లాసెడు.

"తడవలేదు," అన్నాను. "పట్టుకుని దాచాడు."

అది నవ్వింది. నవ్వుతూ కింద కూర్చుంది. కట్టున్న మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. నేను దాని తల మీద చెయ్యి పెట్టాను. చెయ్యి తడిగా ఉందని తెలుసు. తడి మాత్రం తెలియలేదు.

ఇరుసు విప్పి పొడిగుడ్డతో తుడిచాం. గ్రీజు నింపాం. కొత్త రాడ్డుకి పట్టెడు గ్రీజు నేనే రాశాను — ఇది ఎప్పుడంటే అప్పుడు కదలాలి. సీటు దించాను. నా తుంటి దగ్గరికి వచ్చి ఆగింది.

పిల్ల ఎక్కింది. రెండు కాళ్ళూ అందాయి. కాసేపు అలాగే ఉండి దిగింది.

"సీటు ఒక్క వేలు పైకి పెట్టు."

"అందదే."

"నేను పెరుగుతా."

ఈ వయసులో ఇంకెక్కడ పెరుగుతావే అనలేదు. ఒక వేలు పైకి పెట్టాను.

వెళ్ళింది. కాలి మునివేళ్ళ మీద, కొంచెం ఒరుగుతూ, వీధి చివర మలుపులో కొండవైపు తిరిగింది. వెనకచక్రం టిక్కు టిక్కుమంటూ పోయింది. కొండ మీద మబ్బు ఉంది. చెప్పలేదు.

రాడ్డు ఇంకా వైసులోనే ఉంది. తలకిందులుగా. సగం దాకా వెలిసిపోయి, అక్కణ్ణుంచి తెల్లగా పెచ్చులు కట్టి. రెండింటి మధ్యా గీత. ఆ గీత దగ్గర వాడు ఆగాడు.

"అదెప్పుడు తీస్తారు?" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

"వైసు పట్టేసింది."

"నూనె పొయ్యండి మరి."

నేల మీద నీళ్ళు ఇంకుతున్నాయి. అంచులు ఆరి, మధ్యలో ఎర్రగా నిలిచాయి. వంగి, వేలు ముంచాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

తుప్పుకి తడిపలక వాసన ఉంటుంది.

ఉంటుంది...

వస్తుందేమోనని, వేలు ఆరేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.