జోలికి పోకూడని మిషన్

ఏ దేశ రాజ్యాంగం ఏం చెబుతుందో పోల్చి చూస్తూ మా నాన్న పుస్తకం రాస్తున్నారు. దేశాలన్నిటితో సర్దుకుపోతారు గానీ, పక్క గదిలో అమ్మ కుట్టుమిషన్ టకటక మాత్రం ఆయనకు పడదు. చివరికి ఓటింగ్ పెట్టారు: మిషన్ అమ్మేద్దామా, వద్దా? నాన్న, ఇద్దరన్నయ్యలు, నేను అమ్మేద్దామంటూ చేతులెత్తాం.

"మేం నలుగురం, నువ్వొక్కదానివి. ఇంక మాట్లాడేదేముంది?" అన్నారు నాన్న.

"నిన్న మీరే చదివి వినిపించారుగా!" అంది అమ్మ. "కొన్ని దేశాల్లో మెజారిటీ ఉంటే చాలు, ఏదైనా మార్చొచ్చు. ఇంకొన్ని దేశాల్లో సభంతా చేతులెత్తినా కొన్ని అధికరణాల జోలికి పోకూడదు. మనిల్లు ఆ రెండో రకం అనుకోండి."

నాన్న ఎత్తిన చెయ్యి దించకుండానే పాఠం మొదలుపెట్టారు. "అలా అనుకుంటే ఎలాగే? మిగతా హక్కులన్నీ వాటి మీద నిలబడ్డాయి గనకే వాటికా రక్షణ. నీ డొక్కు మిషన్ మీద ఏం నిలబడిందట?"

అమ్మ మా నలుగురి చేతుల వంకా చూసింది.

"ముందు నేను కుట్టిన ఆ చొక్కాలు విప్పండి. తర్వాత ఎత్తుదురుగాని చేతులు."

అందరికంటే ముందు నాన్న చెయ్యే దిగింది. ఆ చేత్తోనే వెళ్లి మిషన్‌కి నూనె వేశారు.