కాలువ వీధిలో అనకూడని మాట

కాలువ పొంగిన రోజున ఆ వీధిలో ఇళ్ళు మునివేళ్ళ మీద లేచి నిలబడతాయి. నీళ్ళు కిందనుంచి పోతాయి. ఆ పొద్దున కూడా దర్జీ పిన్ని అలవాటుగా గడపకి నిచ్చెన కట్టి, మిషను ముందు కూర్చుంది. నడి వేసవిలో వాన. ఈ మధ్య వానలకి వేళాపాళా లేదు.

ఆ ఇళ్ళకి ఒకటే లోపం, మనుషుల మాట ఇట్టే నమ్మేస్తాయి. అందుకే ఆ వీధిలో ఎవరూ "కొంపేం మునిగిపోదులే" అనరు. పిల్లలు నోరు జారితే మూతి మీద ఒకటి పడుతుంది.

పూర్వం ఏడాదికోసారి లేచేవి. ఇప్పుడు లేవడం, కూర్చోవడం, అంతలోనే మళ్ళీ లేవడం. పిన్ని ఇంటికి పోయినేడే మోకాళ్ళు పట్టేశాయి, లేచినప్పుడల్లా మూలుగుతోంది. నీళ్ళెక్కని గుట్ట మీద ఇళ్ళ ధరలు చూస్తే ఆకాశంలో ఉన్నాయి. కాలువ వీధి పేరు చెబితే బీమావాళ్ళు ఫోను పెట్టేస్తున్నారు. ఇది అమ్ముడుపోతే తప్ప ఆమె గుట్టెక్కలేదు. మూలుగు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. సిగ్గుగానే ఉంది, కానీ చెబితే ఎవరు కొంటారు?

నిచ్చెన కదిలింది. గుట్ట మీది బ్రోకరు, వెనకే ఒక బస్సు డ్రైవరు, అతని భార్య ఎక్కి వచ్చారు. ఆమె ఆస్పత్రిలో నర్సు, కడుపుతో ఉంది.

"చూశారా, వానలో కూడా ఎంత దర్జాగా నిలబడిందో!" బ్రోకరు గోడ చరిచాడు. "గుట్ట మీద ఈ ధరకి గొడ్లపాక కూడా రాదు."

డ్రైవరు మొహం వెలిగింది. నర్సు మాత్రం కిటికీలోంచి కిందికి చూస్తోంది.

"పిన్నిగారూ, నీళ్ళు ఇంకా పెరిగితే?"

పిన్ని నోరు తెరిచేలోపే బ్రోకరు నవ్వేశాడు. "కొంపేం మునిగిపోదమ్మా!"

ఇల్లు విన్నది. ఎన్నాళ్ళకో సెలవు దొరికినట్టు పెద్దగా నిట్టూర్చి, మెల్లగా కూర్చుంది. బురదనీళ్ళు గడప దాటి లోపలికొచ్చాయి. కత్తిరించి పెట్టిన గుడ్డలన్నీ తేలాయి.

"లే! లేవవే!" బ్రోకరు గోడని తన్నాడు. ఇల్లు లేవబోయింది. గోడలు వణికాయి, కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. మోకాలెత్తు నీళ్ళలో మళ్ళీ కూలబడింది.

నర్సు గోడ మీద చెయ్యి వేసింది. "ఎన్నాళ్ళుగా ఇలా వణుకుతోంది?" రోగి గురించి అడిగినట్టే అడిగింది.

ఇక దాచడం పిన్ని వల్ల కాలేదు. "పోయినేటినుంచి. మీకు అంటగట్టి పోదామనుకున్నానమ్మా. నీ కడుపులో బిడ్డని చూసి కూడా నోరు మెదపలేదు."

డ్రైవరు పిన్ని మిషను తడవకుండా భుజానికెత్తుకుని, రెండో చేత్తో భార్యని పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. బ్రోకరు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

ఇల్లు ఇంకా పెనుగులాడుతోంది. తను లోపల ఉన్నంతసేపూ అది అలా లేవాలని చూస్తూనే ఉంటుందని పిన్నికి తెలుసు. ఇక దీన్ని ఎవరూ కొనరు. గుట్ట మీద తనకి చోటూ లేదు. ఆమె వంగి, నీళ్ళకింది గడపని చేత్తో తడిమింది.

"చాల్లే తల్లీ," అంది. "నువ్వు కూర్చో. నేనే లేస్తాను."