దుమ్ము కింద కొట్టేసిన వాన

కంప్యూటరన్న మాట తడబడకుండా పలకగలిగిన ప్రతివాడూ సింగపూర్‌లో మేనేజరైపోతున్న రోజులవి. సుధాకరరావు అలా అయినవాడే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడి ఒక బ్యాంకు ఆయన్ని పిలిపించుకుంది. గండం దానంతటదే గడిచిపోయింది, ఆయన మాత్రం మిగిలిపోయాడు. ఇప్పుడు పాత టీవీ కార్టూన్ల బొమ్మనీ శబ్దాన్నీ బాగుచేసే స్టూడియోకి మేనేజరు. కార్టూనంటే పిల్లలు అన్నం తినడానికి పెట్టేదని మాత్రం ఆయనకు తెలుసు.

కమరున్నీసాకి ఆయన్ని చూస్తే ఒళ్లు మండేది. హైదరాబాద్‌లో ఆరేళ్లు ఫిల్మ్ ల్యాబులో పనిచేసి వచ్చిన మనిషి ఆమె. రీలు మీది గీతల్నీ మరకల్నీ ఒక్కో ఫ్రేము బొమ్మలో వెతికి చేత్తో తుడిచేది. ఆ పనికి ఆయన పెట్టిన పేరు బియ్యంలో రాళ్లేరడం. ఏరకపోతే ఎవరి పళ్లు విరుగుతాయో ఆయనకు తెలియదు, ఎందుకంటే ఆ అన్నం ఆయన ఎన్నడూ తినలేదు.

ఆ నెల ఆయన కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. ప్రతి బొమ్మనీ ముందుదానితో, తర్వాతిదానితో పోల్చి, ఒక్క బొమ్మలోనే కనిపించి మాయమయ్యేదల్లా దుమ్మేనని అది చెరిపేస్తుంది. శబ్దంలో సన్నటి బుస ఎక్కడున్నా కోసేస్తుంది. ముప్పై భాగాలు వారంలో అయిపోయాయి. సుధాకరరావు ఆఫీసంతటికీ బిర్యానీ పెట్టించాడు. ఆ బిర్యానీ కూడా బాగాలేదు.

పదకొండో భాగం ఆఖరికొచ్చేసరికి కమరున్నీసా దాన్ని వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. ఎండిపోయిన మడుగులో కప్పలు వాన కోసం ఏడ్చే కథ అది. ఆఖరి రెండు నిమిషాలు వాన కురుస్తుంది, అవి గంతులేస్తాయి. ఆ వానే లేదు. గీసినవాడు ప్రతి బొమ్మలోనూ చినుకుల్ని కొత్తగా గీశాడు కనుక సాఫ్ట్‌వేర్ లెక్కలో అవన్నీ దుమ్ము. చినుకుల చప్పుడు దానికి బుస. రెండూ పోయాయి. కప్పలు మాత్రం పొడినేల మీద, చప్పుడే లేకుండా, పిచ్చెక్కినట్టు ఎగురుతున్నాయి.

అసలు రీళ్లు ఒక్క ప్రతే ఉన్నాయి. పని ముగిసిందన్న కాగితం ఆ కార్టూన్లు ఇచ్చిన టీవీ సంస్థకు చేరగానే వాటిని కాల్చేయాలని ఒప్పందం. పులిసిన వాసన కొట్టే ఆ డబ్బాల కోసం సోమవారం లారీ వస్తుంది. వాటిని పట్టుకుపోయిందంటే ఆ వాన ఇక లోకంలో ఉండదు. గీసినవాడెవరో ఆమెకు తెలియదు, అయినా ఊరుకోలేకపోయింది.

వెళ్లి చూపించింది. సుధాకరరావు తెర వంక చూసి, ఎంత నీట్‌గా వచ్చిందోనని మురిసిపోయాడు.

"వాన లేదు సార్ దాంట్ల," అంది. "కప్పలు ఉత్తగనే ఎగురుతున్నయ్."

"ఎగరనీయమ్మా. హ్యాపీగా ఉన్నాయనుకుంటారు. చూసేది పిల్లలు, సెన్సార్ బోర్డు కాదు కదా."

పోనీ రీళ్లైనా ఆపమంది. గోదాము ఖాళీ చేయాలన్నాడు. ఇంకా మాట్లాడితే ఆమెను ఈ దేశంలో పనిచేయనిచ్చే పాసు రెన్యువల్ సంగతి కూడా మాట్లాడుకోవలసి వస్తుందని నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వుని ఆమె ఇక క్షమించదలచుకోలేదు.

శుక్రవారం ఆ పని ముగిసిందన్న కాగితం నింపాల్సింది ఆమె, సంతకం పెట్టాల్సింది ఆయన. లోపాలు రాయాల్సిన గడిలో, పదకొండో భాగంలో వాన మొత్తం చెరిగిపోయిందనీ, మళ్లీ చేసేదాకా రీళ్లు కాల్చవద్దనీ రాసింది. గడి పట్టనంత పెద్ద అక్షరాలతో రాసింది. ఒకసారి చదవమని నోటితో కూడా చెప్పింది. ఆయన సెంబవాంగ్‌లో కొన్న కొత్త ఫ్లాట్ గొప్పలు ఫోన్లో ఎవరికో చెప్పుకుంటూనే సంతకం గీకి, ఫ్యాక్స్ చేయమని విసిరేశాడు.

సోమవారం లారీ రాకముందే టీవీ సంస్థ నుంచి జవాబొచ్చింది. మేనేజరుగారి నిజాయితీకి కృతజ్ఞతలు, రీళ్లు కాల్చవద్దు, ముప్పై భాగాలూ చేత్తో మళ్లీ చేయండి అని. సుధాకరరావు దాన్ని రెండుసార్లు చదివాడు. ఆ ఆఫీసులో ఆయన పూర్తిగా చదివిన మొదటి కాగితం అదే. తర్వాత అందర్నీ పిలిచి, క్వాలిటీ విషయంలో తాను ఎవరి మాటా విననని ఉపన్యాసమిచ్చాడు. చప్పట్లు కొట్టారు.

కమరున్నీసా కొట్టలేదు. రీళ్లు దక్కాయన్న సంతోషానికి ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. అదంతా తన ఉపన్యాసం మహిమేననుకుని సుధాకరరావు టిష్యూ ప్యాకెట్ అందించాడు. ఆమె ముక్కు చీదుకుని, ఆ టిష్యూ ఆయన బల్ల మీదే పెట్టి, పదకొండో నంబరు డబ్బా తెచ్చుకోవడానికి గోదాముకి వెళ్లింది.