నలభై ఒకటో నంబరు సంచి

నేను ఒక ఫోన్ని. తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో, తలకి టోపీలు పెట్టుకున్న ఆడపిల్లల చేతుల్లో పుట్టాను. నాకు మరలు బిగించిన పిల్లకి ఇరవై ఏళ్లు కూడా ఉండవు.

మొదట నన్ను కొన్నది ఏసుపాదం. రొయ్యల చెరువుల మీద మోటార్లు బాగుచేస్తాడు. కొన్న రోజు పాస్టరుగారితో నాకు ప్రార్థన చేయించి, సాయంత్రానికల్లా అబద్ధాలు మొదలుపెట్టాడు. మంచం మీద పడుకుని చెరువుగట్టు మీదున్నాననేవాడు. అబద్ధం చెప్పేటప్పుడు మనుషులు నన్ను చెవికి మరీ గట్టిగా నొక్కుకుంటారు, ఎందుకో మరి.

రెండేళ్లకి కొత్తది కొనుక్కుని నన్ను చెల్లెలు సువార్తకి ఇచ్చాడు. పదో తరగతితో చదువు ఆగిన ఆ పిల్ల, భీమవరం పక్కన రొయ్యలు వలిచే కంపెనీలో చేరి హాస్టల్లో ఉంటోంది. ఎక్కడున్నావో అడిగితే చెప్పాలి గదా అని ఇచ్చాడు. అంటే నన్ను కాపలా పెట్టాడన్నమాట.

ఏం కాపలా కాశాను? ఐసు లారీ డ్రైవరు నంబరు నాలోనే ఉండేది, పేరు బదులు పువ్వు బొమ్మతో. నెల తప్పాక సువార్త ఆ నంబరుకి పదిహేడుసార్లు చేసింది. ఎత్తలేదు. పందొమ్మిదేళ్ల పిల్ల, ఎవరినీ అడగలేనిది నన్ను అడిగింది. వెతికి వెతికి ఒక డాక్టరమ్మని చూపించాను. ఫోన్లోనే మాట్లాడుతుంది, నలుగురి కళ్లలో పడక్కర్లేదు. సువార్త స్కానింగు కాగితం ఫొటో తీసి పంపింది. మాత్రలు తొమ్మిది వారాల లోపే ఇస్తారట. శనివారంతో తొమ్మిదీ నిండుతాయి. గురువారం పదకొండున్నరకి డాక్టరమ్మ ఫోన్ చేస్తుందన్నారు. అది టీ టైమని సువార్తే కోరి అడిగింది.

ఆ కంపెనీలో ఫోన్లు లోపలికి పోనివ్వరు. గేటు దగ్గర గోడకి మేకులు, మేకుకో గుడ్డసంచి. నాది నలభై ఒకటి. వాటికి కాపలా గౌరమ్మత్త. అక్కడి ఆడపిల్లలందరూ ఆవిడకి సొంత పిల్లలే. ఆ గురువారం సరుకు లారీ ముందే వచ్చేసింది. ఐసు కరిగిపోతోందని టీ ఆపేశారు.

పదకొండున్నరకి మోగాను. ఆగి, మళ్లీ మోగాను. ఎన్నడూ ఎవరి సంచీ ముట్టని గౌరమ్మత్త, ఇంటి దగ్గర ఎవరికేమైందోనని కంగారుపడి నన్ను తీసింది.

"ఎవరమ్మా మాట్లాడేది?" అంది డాక్టరమ్మ.

"సువార్త అత్తనండి. పిల్ల పనిలో ఉంది. నాకు చెప్పండి, పర్లేదు."



"రాంగ్ నంబరండి," అని డాక్టరమ్మ పెట్టేసింది.

ఆవిడని ఏమనగలం? పిల్ల గుట్టు అత్తకైనా చెప్పకూడదు. గౌరమ్మత్తని మాత్రం ఏమనగలం? ప్రేమకొద్దీ అత్తనంది. ఇద్దరికీ మధ్యలో ఉన్నదాన్ని, మోగడానికి నోరుంది గానీ చెప్పడానికి లేదు.

"ఎవరో రాంగ్ నంబరే పిల్లా," అని సాయంత్రం గౌరమ్మత్త నన్ను సువార్త చేతిలో పెట్టింది. సువార్త తిరిగి చేస్తే సోమవారందాకా డాక్టరమ్మకి ఖాళీ లేదన్నారు. శుక్రవారం, శనివారం, ఆదివారం నా అద్దం మీద తేదీనే చూస్తూ కూర్చుంది. ఆ తేదీ మార్చేది నేనే. ఆపడం నాకు రాదు.

సోమవారం పని మాని, హాస్టలు మేడమీద ఆరేసిన బట్టల వెనకాల నిలబడి డాక్టరమ్మతో మాట్లాడింది.

"రోజులు దాటిపోయాయమ్మా. ఇంక మాత్రలతో కుదరదు, పెద్దాసుపత్రికి వెళ్లాలి. భయపడకు, ఆలస్యం మాత్రం చెయ్యకు. నంబరిస్తాను, ఫోన్ చేసి వెళ్లు. తోడు ఎవరన్నా ఉన్నారా?"

"నంబరు పంపండమ్మా," అంది సువార్త.

అదే రోజు ఏసుపాదం ఫోన్ చేశాడు. రేపు వస్తున్నానని, ఫోనోసారి చూసి ఇస్తానని. అన్నీ తుడిచేసినా తుడిచినట్టు తెలిసిపోతుందని సువార్త భయం. ఆసుపత్రి నంబరు బాల్‌పెన్నుతో మణికట్టు మీద రాసుకుని, పైన వాచీ కట్టుకుంది. తర్వాత నన్ను బాత్రూం బకెట్లో ముంచింది. నీళ్లలో పడిపోయిందన్నా అని చెప్పొచ్చు గదా. దాని చెయ్యి నన్ను చాలాసేపు వదల్లేదు. ఆ పిల్లకి నేను చేసిన సాయం అదొక్కటే, మునిగిపోవడం.

ఇప్పుడు రిపేరు షాపు డ్రాయర్లో, చచ్చిన ఫోన్ల మధ్య పడి ఉన్నాను. పైన బల్ల మీద బతికున్నవి మోగుతుంటే, సువార్త ఆసుపత్రికి చెయ్యడానికి ఎవరి ఫోనన్నా అడిగి తీసుకుందా అనుకుంటాను. రోజంతా ఐసునీళ్లలో ఉండే చేతులవి. ఆ అంకెలు ఎంతసేపు నిలిచాయో.