ఏమీ చెయ్యదండీ

మా రాజాను ఎవరైనా కుక్క అంటే నాకు ఒళ్ళు మండేది. కుక్క కాక మరేమిటండీ అని మా కోడలు ఉమాశ్రీ అడిగేది.  అప్పుడు ఇంకా మండేది.

అది ఆల్సేషన్. మా అబ్బాయి శ్యామ్ హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, స్నేహితుడి ఇంట్లో కుక్క పిల్లల్ని పెడితే ఒకదాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. పెంటియం అని పేరు పెట్టాడు. కంప్యూటరు పేరు కుక్కకేమిట్రా అని నేను రాజా అన్నాను. అన్నం పెట్టేది నేనే గనుక అదీ రాజాకే పలికింది. ఏడాది తిరక్కుండానే నా నడుమంత ఎత్తయింది. కూర్చోమంటే కూర్చుంటుంది, ఆగమంటే ఆగుతుంది. నా మాట తప్ప మరొకరి మాట వినదు. ఈ ఆఖరి సంగతి కాకినాడలో ఉన్న మా తమ్ముడికి ఉత్తరంలో కూడా రాసుకున్నాను.

నా పేరు భీమేశ్వరరావు. పంచాయతీరాజ్ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరై, ఖాజాగూడ రాళ్ళ పక్కన కొత్తగా వేసిన లేఅవుట్లో ఇల్లు కట్టుకున్నాను. సర్వీసులో ఉండగా ఆరు ఎన్నికలకు ప్రిసైడింగ్ ఆఫీసరుగా పనిచేశాను. ఒక్క పోలింగ్ కేంద్రంలోనూ చిన్న గొడవ జరగనివ్వలేదు. రూలు నాకు కంఠతా వచ్చు, మనుషులు నా ముందు వరసలో నిలబడతారు. ఇంతకన్నా కావలసిందేముంది అనుకునేవాణ్ణి.

రాజాను నేను ఎక్కడికైనా వెంట తీసుకెళ్ళేవాణ్ణి. రేషను షాపుకు, పోస్టాఫీసుకు, కూరగాయల సంతకు. ఎక్కడికి వెళ్ళినా జనం దారి ఇచ్చేవారు. రేషను షాపులో నా ముందు పదిమంది ఉంటే అయిదు నిమిషాల్లో ఇద్దరే మిగిలేవారు. తక్కినవాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకు జరిగేవారు. ఈ ఊరివాళ్ళకు పెద్దవాళ్ళంటే ఎంత గౌరవమో చూశావా అని ఉమాశ్రీతో అన్నాను. ఆ అమ్మాయి రాజా వైపు చూసి నవ్వింది.

ఎవరైనా మరీ బెదిరినట్టు కనిపిస్తే నా నోట ఒక మాట సిద్ధంగా ఉండేది. "ఏమీ చెయ్యదండీ." అంతే, అక్కడితో నా బాధ్యత తీరిపోయేది. ఆ తర్వాత కూడా భయపడితే అది వాళ్ళ పిరికితనం, నాకు సంబంధం లేదు.

తొంభై తొమ్మిది సెప్టెంబరులో ఎన్నికలు వచ్చాయి. శ్యామ్, ఉమాశ్రీ పొద్దున్నే వెళ్ళి ఓటు వేసి వచ్చారు. నేను సాయంత్రం బయలుదేరాను. ఆఖరి గంటలో రద్దీ ఉండదని నా అనుభవం. తాడు తీసి రాజా మెడ పట్టీకి తగిలిస్తుంటే ఉమాశ్రీ గుమ్మంలోకి వచ్చింది.

"మామయ్యగారూ, దాన్ని తీసుకెళ్ళకండి. అక్కడ జనం ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. కొందరికి కుక్కలంటే భయం ఉంటుందండీ."

"కుక్కను తేకూడదని ఏ రూల్లోనూ లేదమ్మా. ఆరు ఎన్నికలు జరిపించినవాణ్ణి, నాకు తెలీదా?"

"చెప్పులు వేసుకుని ఎవరింట్లోకీ వెళ్ళకూడదని కూడా ఏ రూల్లోనూ లేదు కదండీ," అంది.

నాకు సర్రున కోపం వచ్చింది. నాకు అంత తొందరగా కోపం వచ్చిందంటే ఎదుటివాళ్ళు నిజం చెప్పారన్నమాట. ఈ సంగతి ఇప్పుడు తెలుసు గాని అప్పుడు తెలీదు. రాజాతో గేటు దాటాను.

పోలింగ్ కేంద్రం ఊళ్ళోని బడిలో పెట్టారు. నేను వెళ్ళేసరికి నాలుగుంపావు. నా అనుభవం ఆ రోజు పనిచేయలేదు. హైటెక్ సిటీ చుట్టుపక్కల కట్టే బిల్డింగుల్లో పనిచేసే కూలీలంతా పని దిగి అప్పుడే వచ్చారు. మగవాళ్ళ వరస, ఆడవాళ్ళ వరస రెండూ బడి ఆవరణలో వంకర్లు తిరిగి ఉన్నాయి. లోపలికి వెళ్ళడానికి ఉన్నదల్లా ఒక సన్నటి ఇనప గేటు. దాని దగ్గర ఓబులేసు అని ఒక కానిస్టేబులు నిలబడ్డాడు. చొక్కా మీద పేరు ఉంది. మాట వింటే అనంతపురం వైపు మనిషని తెలిసిపోతోంది.

"సార్, కుక్కను లోపలికి ఇడిసేది లేదు," అన్నాడు.

"ఏ రూల్లో ఉంది చూపించు."

"రూలు నాకేం తెలుసు సార్. ఈడ ఆడోళ్ళు, పిల్లోళ్ళు చానామంది ఉండారు. చదువుకున్నోళ్ళు, మీరే ఇట్లంటే ఎట్ల?"

నేను ఎన్ని ఎన్నికలు జరిపించానో చెప్పాను. అతను చేతులు కట్టుకుని విన్నాడు గాని పక్కకు తప్పుకోలేదు. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. రాజాను గేటు స్తంభానికి కట్టేసి నేను వరసలో నిలబడ్డాను. నేను కనబడుతున్నంతసేపూ అది బుద్ధిగా కూర్చుంటుంది. కనబడకపోతే మాత్రం తాడు కొరికేసుకుని వెతుక్కుంటూ వస్తుంది. నాకు అదీ గొప్పగానే ఉండేది.

వరస మెల్లగా కదిలింది. అసెంబ్లీకి ఒక ఓటు, పార్లమెంటుకు ఒక ఓటు, ఒక్కొక్కరికీ మూడేసి నిమిషాలు పడుతోంది. నాలుగు నలభై దాటాక గేటు వైపు ఎవరో నవ్విన చప్పుడైతే తిరిగి చూశాను. రోడ్డుకు అవతలి పక్క ఒక ముసలావిడ నిలబడి ఉంది. మోచేతుల దాకా సిమెంటు మరకలు, చేతిలో గుర్తింపు కార్డు. నాలుగడుగులు ముందుకు వేసి రాజాను చూసి ఆగిపోతోంది. మళ్ళీ వెనక్కి వెళ్తోంది.

"లక్ష్మమ్మా, జర కండ్లు మూసుకుని ఉరికి రా," అని ఆడవాళ్ళ వరసలోంచి ఎవరో కేకేశారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"రామ్మా, ఏమీ చెయ్యదు," అన్నాను అక్కణ్ణుంచే.

"నిన్నేం జెయ్యది సార్. నీ కుక్క గద," అంది.

అంత సూటిగా ఎవరూ నాతో అనలేదు. ఆవిడ కార్డును గుండెకు అదుముకుని, కొంగు నోట్లో కుక్కుకుని, గేటు దాకా వచ్చింది. నా గొంతు వినబడిందని రాజా లేచి నిలబడి తోక ఆడించింది. అంతకు మించి ఏమీ చెయ్యలేదు, ఒట్టు. ఆవిడ మాత్రం కెవ్వున అరిచి రోడ్డు దాటి అవతల గోడకు ఆనుకుంది.  ఈసారి నవ్విన వాళ్ళు తక్కువ.

ఓబులేసు రోడ్డు దాటి వెళ్ళి ఆవిడతో ఏదో మాట్లాడాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ యమ్మను నాలుగేండ్ల కిందట కుక్క కరిసిందంట సార్. బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులు పొడిసినారంట. పోయినసారి ఓటుకొస్తే అప్పటికే ఎవరో ఏసేసి పోయినారంట. ఈసారి ఎట్లయినా ఏయాలని మేస్త్రీతో కొట్లాడి వచ్చిందంట. టైము సూస్తే అయిదు కావస్తాంది."

"నువ్వు దాన్ని విప్పి అవతలికి తీసుకెళ్ళు."

"నా మాట ఇంటుందా సార్?"

"వినదు," అన్నాను. తమ్ముడికి గొప్పగా రాసుకున్న మాటే అది. ఇప్పుడు నాకే చేదుగా తగిలింది.

వాచీ చూసుకున్నాను. నాలుగు యాభై మూడు. నా ముందు ముగ్గురున్నారు. తర్వాత జరిగేది నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయిదు కాగానే ప్రిసైడింగ్ ఆఫీసరు బయటికి వస్తాడు. వరసలో అందరికంటే చివర ఉన్న మనిషికి ఒకటో నంబరు చీటీ ఇచ్చి, అక్కణ్ణుంచి ముందుకు పంచుకుంటూ పోతాడు. చీటీ ఉన్నవాళ్ళు ఎంత ఆలస్యమైనా ఓటు వేయొచ్చు. గేటు అవతల మిగిలినవాడు ఎంతటివాడైనా ఇంటికి పోవలసిందే. నేను ఓటు వేసి వచ్చేసరికి అయిదు దాటుతుంది. అప్పుడు నా కుక్కను నేను తీసుకుపోతాను. ఆవిడకు మూసిన గేటు మిగులుతుంది.

పోయినసారి ఆవిడ ఓటు వేసినవాడు దొంగ. ఈసారి పోగొట్టేది ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు తెలిసి నాకు సిగ్గేసింది. 

"నా చోటు కాస్త చూడండి," అని వెనకాయనకు చెప్పి వరసలోంచి బయటపడ్డాను. ముడి బిగుసుకుపోయింది. విప్పి, తాడు చేతికి చుట్టుకుని, రాళ్ళ వైపు గబగబా నడిచాను. కాస్త దూరం వెళ్ళి తిరిగి చూస్తే ఆవిడ ఇంకా గోడ దగ్గరే ఉంది. మరికొంత దూరం వెళ్ళి చూశాను. కదల్లేదు. చెయ్యి ఊపి వెళ్ళమన్నాను. ఆవిడ నా చేతిని చూడ్డం లేదు, రాజానే చూస్తోంది. కుక్క కనబడుతున్నంతసేపూ ఆవిడ అడుగు పడదు, నేను కనబడకపోతే కుక్క ఆగదు. మంచి జోడీ కుదిరింది అనుకుని పెద్ద బండరాయి వెనక్కి వెళ్ళి రాజాతో సహా కూర్చున్నాను.

అక్కడ చెట్టూ లేదు, స్తంభమూ లేదు. ఉన్నా లాభం లేదు. కట్టేసి పరుగెత్తితే తాడు తెంపుకుని నా వెనకే వస్తుంది. వచ్చిందంటే ఆవిడ మళ్ళీ రోడ్డు మీదే. రాజా నా మోకాలి మీద తల పెట్టుకుంది. బడి గంట మోగింది. గేటు గొలుసు లాగిన చప్పుడు వినిపించింది.

అరవై రెండు నుంచి నేను ఓటు మానింది లేదు. డ్యూటీలో ఉన్నప్పుడు పోస్టులో పంపాను. జ్వరంతో రిక్షాలో పోయి వేశాను. ఆ రాయి వెనక కూర్చుని నా ఎడమచేతి వేలు చూసుకుంటే నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ మీద కోపం వచ్చింది, కుక్క మీద వచ్చింది, చివరికి ఎవరి మీద రావాలో వాళ్ళ మీదే వచ్చి నిలిచింది.

కాసేపటికి లేచి గేటుకు దూరంగా నిలబడి ఓబులేసును పిలిచాను.

"వెళ్ళిందా?"

"మీరు రాయి సాటుకు పోయినాక ఉరికింది సార్. ఒకటో నంబరు చీటీ ఆ యమ్మదే." అతను లోపలికి తొంగి చూసి, "మీరు వరసలో ఉన్నోరే గదా. లోపల సారుకు చెప్పి సూస్తా," అన్నాడు.

ఆ మాటకు ప్రాణం లేచి వచ్చింది. ఒక్క క్షణం సరేనందామనుకున్నాను. కాని ఆరు ఎన్నికల్లో ఎంతమంది నాతో అదే మాట అనలేదు? వరసలోనే ఉన్నాను సార్, ఇప్పుడే పక్కకు వెళ్ళాను సార్. ఒక్కరినీ రానివ్వలేదు.

"వద్దు. గేటు మూశాక మూసినట్టే," అన్నాను.

మా ఇంటికి వెళ్ళాలన్నా, కట్టే బిల్డింగుల వైపు వెళ్ళాలన్నా రాళ్ళ మధ్య కాలిబాటే దారి. అక్కడే కూర్చుండిపోయాను. ఆవిడ బయటికి వచ్చిందో లేదో చూడకుండా వెళ్ళబుద్ధి కాలేదు. అరగంట దాటాక లక్ష్మమ్మ అదే బాటన వచ్చింది. సిరా చెరిగిపోకుండా వేలు విడిగా పెట్టుకుని నడుస్తోంది. రాజాను చూసి ఠక్కున ఆగిపోయింది.

అలవాటైన మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"ఆగమ్మా. నేను తప్పుకుంటాను." బాట దిగి, తాడు మణికట్టుకు రెండు చుట్లు చుట్టి, రాజాను రాతికి ఆనించి కూర్చోబెట్టాను. దానికీ బాటకూ మధ్య నేను నిలబడ్డాను.

"కరుస్తదా సార్?" అని అడిగింది.

"పళ్ళున్నాయి కదమ్మా. కరవదని నేనెలా చెప్పను? పట్టుకున్నాను, అంతే."

"గట్ల చెప్పు. ఏం జెయ్యది, ఏం జెయ్యది అంటే నాకు ఇంకింత బుగులైతది." అవతలి అంచునే నడిచి నన్ను దాటింది. దాటాక ధైర్యం వచ్చినట్టు నిలబడి నా చేతి వైపు చూసింది. "నువ్వు ఏసినవా సార్?"

"లేదమ్మా."

ఆవిడ నన్నూ రాజానూ మార్చి మార్చి చూసింది. విషయం అర్థమైనట్టుంది. తన వేలి సిరా ఒకసారి చూసుకుంది.

"వచ్చేసారి దాన్ని ఇంట్ల కట్టేసి రా. ఓటు పోతే మంచిగుండదు సార్, నాకెరుక."

"అలాగేనమ్మా," అన్నాను.

ఆవిడ మలుపు తిరిగి కనుమరుగయ్యే దాకా రాజాను లేవనివ్వలేదు. కూర్చోమంటే కూర్చుంది. నా మాట వింటుంది, ఆ విషయంలో నాకు ఇప్పటికీ అనుమానం లేదు.